పాటలో పెట్టిన చోటు ఎవరిది?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది నెల్లూరు. పద్నాలుగేళ్లుగా బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో ఉంటున్నాం. మా పరుగుల క్లబ్బు ఏటా డిసెంబరులో నంది హిల్స్ దిగువ పల్లెల మీదుగా 50 కిలోమీటర్ల పోటీ నడుపుతుంది. 150 మందికే చోటు. ఏడాదిలోపు ఒక మారథాన్‌ను అయిదు గంటల్లో పూర్తి చేసినవారే రావాలన్నది నియమం. ఈసారి పేర్ల నమోదు మొదలైన పదకొండు నిమిషాలకే చోట్లన్నీ నిండిపోయాయి. ఇంకో ఎనభై మంది వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. ఇప్పుడు కమిటీలో కొందరు అయిదు చోట్లు వేలం వేసి, ఆ సొమ్ముతో దారిలోని ప్రభుత్వ పాఠశాలకు ప్రహరీ కట్టిద్దామంటున్నారు. ఒక కంపెనీ యజమాని ఒక్క చోటుకే రెండు లక్షలు ఇస్తానన్నారు. ఆయన ఇంతవరకు మారథాన్ పరుగెత్తలేదు. వేలం ఎందుకు, వెయ్యి రూపాయల టికెట్లు అమ్మి లాటరీ తీస్తే సరిపోతుంది కదా అని ఇంకొకరు. కమిటీలో ఏడుగురం. ముగ్గురు సరేనన్నారు, ముగ్గురు వద్దన్నారు. ఏడోవాణ్ని నేను. ఎటు చెయ్యెత్తమంటారు?

— పేరు వద్దన్న పాఠకుడు, బెంగళూరు

జవాబు: ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఆ అయిదు చోట్లు 150లోంచి తీస్తారా, 150కి పైన కలుపుతారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. నా జవాబంతా దాని మీదే నిలబడి ఉంది.

బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం తెలియని తెలుగువారు ఉండరు. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2025లో 35 లక్షలు పలికింది. పాట ఎంత పెరిగినా ఎవరికీ బాధ లేదు. ఆ లడ్డూ నాది అనుకుని అప్పటికే వరుసలో నిలబడ్డవారు ఎవరూ లేరు. పాట పాడినవారికి ప్రసాదం, ఊరికి డబ్బు. మీ పోటీలో చోటు అలాంటిది కాదు. ఎనభై మంది ఉదయం నాలుగింటికి లేచి, చలిలో, చీకట్లో, కుక్కల మధ్య పరుగెత్తి అర్హత సంపాదించుకుని మీ గుమ్మం దగ్గర నిలబడ్డారు. అయిదు చోట్లు అమ్మితే ఆ వరుసలో అయిదుగురు వెనక్కి పోతారు. వాళ్లు ఎవరో పేర్లతో సహా మీ దగ్గరే ఉంది. ఆ జాబితా ముందు పెట్టుకుని మాట్లాడుకోండి.

తిరుమలలో శ్రీవాణి ట్రస్టుకు పదివేలు విరాళమిస్తే బ్రేక్ దర్శనం టికెట్టు కొనుక్కునే వీలుంటుంది. ఆ డబ్బు ఆలయాల నిర్మాణానికి, జీర్ణోద్ధరణకు. మా అమ్మతో సర్వదర్శనం కంపార్ట్‌మెంటులో గంటలకొద్దీ కూర్చున్నదాన్ని నేను. అయినా ఆ పద్ధతిని తప్పుపట్టను. విరాళం ఎంతో, రోజుకు ఎన్ని టికెట్లో, సొమ్ము దేనికో ముందే చెబుతారు. కంపార్ట్‌మెంటులో కూర్చున్నవాళ్లకూ ఆ సంగతి తెలుసు. మీరూ అలా ముందే చెప్పారా? ఈ ఏటి నమోదు ప్రకటనలో వేలం మాట లేనప్పుడు, 150 చోట్లని చెప్పి ఇప్పుడు 145 చేయడం ఇచ్చిన మాట తప్పడమే.

పెద్ద పోటీలు ఈ ముడిని ఎలా విప్పాయో కాస్త చూద్దాం. బోస్టన్ మారథాన్ 1970 నుంచి అర్హత సమయం అడుగుతోంది. 1989 నుంచి స్వచ్ఛంద సంస్థల తరఫున కొన్ని చోట్లు ఇస్తోంది. విరాళాలు సేకరించినవారు అర్హత సమయం లేకపోయినా పరుగెత్తవచ్చు. అక్కడా మంట ఉంది. 2025 పోటీకి అర్హత సమయం అందుకోవడమే చాలలేదు, దానికంటే 6 నిమిషాల 51 సెకన్లు ముందుండవలసి వచ్చింది. అర్హత ఉండీ 12 వేల మందికి పైగా వెనక్కి మళ్లారు. ఏళ్ల తరబడి సాధన చేసి అయిదు సెకన్లతో చోటు పోగొట్టుకున్నవాడికి, విరాళంతో వచ్చినవాడు కంటికి కనిపించడా? కనిపిస్తాడు. ఆ బాధ న్యాయమైనదే. అయితే ఆ చోట్లు విడిగా ఉన్నాయని అతనికి మొదటినుంచీ తెలుసు.

లండన్ పద్ధతి నాకు ఇంకా నచ్చుతుంది. 1981లో మొదలైన ఆ పోటీలో చోట్లు కొన్ని సంస్థలు కొనుక్కుని, వేల పౌండ్లు సేకరిస్తామని మాటిచ్చినవారికి ఇస్తాయి. 2024లో ఒక్కరోజు పోటీ పేరు మీద 7 కోట్ల 35 లక్షల పౌండ్లు పోగయ్యాయి. ఒక్కరు చెక్కు రాస్తే వచ్చిన డబ్బు కాదది. పరుగెత్తే ప్రతి ఒక్కరూ తమ బంధువుల్ని, ఆఫీసువాళ్లని, ఇరుగుపొరుగుని అడిగి, పదీ ఇరవై పౌండ్లు కూడబెడితే అంత అయింది. చోటు కోసం ఆ మనిషి కూడా నెలల తరబడి చెమటోడ్చాడు, కాకపోతే వేరే రకంగా. అందుకే అతన్ని చూస్తే వెయిటింగ్ లిస్టులోనివారికి అంత మంట పుట్టదు.

లాటరీ మాట మాత్రం మరిచిపోండి. ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన పోటీ ఐరన్‌మ్యాన్. హవాయిలోని కోనాలో జరిగే దాని ప్రపంచ పోటీకి 1983 నుంచి లాటరీలో కొన్ని చోట్లు ఇచ్చేవారు. పేరు వేయడానికి రుసుము తీసుకునేవారు. డబ్బు కట్టి, అదృష్టం మీద ఆధారపడి, బహుమతి పొందడం చట్టం ప్రకారం జూదమేనని అమెరికా న్యాయశాఖ పట్టుకుంది. 2015లో నిర్వాహక సంస్థ 27 లక్షల డాలర్లకు పైగా ప్రభుత్వానికి వదులుకుంది, లాటరీ ఆగిపోయింది. మన దేశంలోనూ ప్రభుత్వ అనుమతి లేకుండా టికెట్లు అమ్మి లాటరీ తీయడం నేరమే. పాఠశాల ప్రహరీ కోసమైనా అంతే. రుసుము లేకుండా, అర్హులందరి పేర్లూ వేసి చీటీ తీయడం వేరు. అది చక్కగా చేసుకోవచ్చు.

ఇక ఆ రెండు లక్షల ఆయన సంగతి. ఇది నా కళ్లతో చూసిన విషయం కనుక కొంచెం ఎక్కువ చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఇలాంటి ఒక పోటీలో 38వ కిలోమీటరు దగ్గర నీళ్ల బల్ల నాది. పదకొండుకు కటాఫ్, అది దాటి వచ్చినవారు అక్కడితో ఆగిపోవలసిందే. పదిన్నరకే తారు మీద ఎండ మెరుస్తోంది. మజ్జిగ డ్రమ్ము మీద తడి గోనెపట్టా కప్పాను. పదకొండు దాటిన రెండు నిమిషాలకు ఒక ఆటో డ్రైవరు వచ్చారు, నాలుగు నిమిషాలకు ఒక నర్సమ్మ వచ్చింది. ఇద్దరి బిబ్‌ల మీదా, అంటే ఛాతీకి పెట్టుకునే నంబరు పట్టీల మీదా, స్కెచ్ పెన్నుతో నేనే గీత కొట్టాను. నర్సమ్మ మాట్లాడలేదు. బూట్లు విప్పి కానుగ చెట్టు నీడన కూర్చుంది. ఆటో ఆయన మజ్జిగ గ్లాసు తాగకుండా చేతిలోనే పట్టుకున్నారు.

పదకొండూ తొమ్మిదికి మరొకాయన వచ్చారు. పెద్ద విరాళమిచ్చి చోటు తీసుకున్నవారు. ఆయన కంటే ముందు నా ఫోను మోగింది. "మేడమ్, ఆయన్ని వదిలేయండి. మన స్కూలు పని ఆయన డబ్బుతోనే నడుస్తోంది" అని నిర్వాహకుడు. నేను తల తిప్పి చెట్టు కిందికి చూశాను. ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ఆయన ఛాతీ మీది బిబ్‌కు నాలుగు పిన్నీసులు ఉండాలి, రెండే ఉన్నాయి. కింది అంచు గాలికి ఎగిరి తిరగబడినప్పుడు వెనక భాగం కనిపించింది. రక్తం గ్రూపు, ఇంటివాళ్ల ఫోను నంబరు రాయవలసిన గళ్లు రెండూ ఖాళీ. దారిలో ఈయన పడిపోతే ఎవరికి ఫోను చేయాలి? గీత కొట్టేశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కారు పిలిపించుకుని వెళ్లిపోయారు. మరుసటి ఏడు ఆయనా రాలేదు, విరాళమూ రాలేదు.

ఆయన ఇచ్చిన డబ్బుతో ఆ ఊరి బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టారు. వెళ్లి చూశాను. రెండు గదులు, తెల్ల టైల్సు, లోపలి నుంచి పడే ఇనుప గడియ. ఏడో తరగతి పిల్ల ఒకతె లోపలికి వెళ్లి గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూపించింది. అంతకుముందు తలుపే లేదట. ఆ గడియ చప్పుడు విన్నాక, డబ్బుకు చోటివ్వడం పాపమని నోరు తిరిగి అనలేను. కానుగ చెట్టు కింది ఆ ఇద్దరినీ మరిచిపోలేను.

కాబట్టి నా మాట ఇది. ఈ ఏడాది వేలానికి చెయ్యెత్తకండి. వచ్చే ఏడాదికి ఎత్తండి. అయితే అయిదు వద్దు, మూడు చాలు. ఆ మూడూ 150కి పైన ఉండాలి. పోలీసు అనుమతి, అంబులెన్సు, నీళ్ల బల్లలు 153 మందికి సరిపోతాయని ముందుగా చూసుకోండి. సరిపోకపోతే వేలమే లేదు. నమోదు తెరిచే రోజునే ప్రకటనలో వేలం సంగతి, పాఠశాల పేరు, ప్రహరీ అంచనా ఖర్చు వేయండి. గోడ లేచాక బిల్లులు కూడా అందరికీ చూపించండి.

మారథాన్ నియమం మాత్రం ఎవరికీ సడలించవద్దు. పంతం కోసం చెప్పడం లేదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గిపోయి ఉంది. నాలుగు గంటలకు మించి దారిలో ఉన్నవారికి, పరుగులో బరువు పెరిగేంతగా నీళ్లు తాగినవారికి ఆ ముప్పు ఎక్కువని తేలింది. అలవాటు లేని మనిషిని 50 కిలోమీటర్లకు తోలి, భయంతో ప్రతి బల్ల దగ్గరా నాలుగేసి గ్లాసులు తాగనిస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఆ యజమాని గారికి ఇంకా ఏడాది సమయం ఉంది. ముందు ఒక మారథాన్ పూర్తి చేసి రమ్మనండి. మనసున్న మనిషైతే సంతోషంగా చేస్తారు.

పాట బహిరంగంగా పాడించకండి. పంతాలు పెరుగుతాయి, మర్నాడు మాట తప్పుతారు. మూసిన కవర్లలో తీసుకోండి. మూడు చోట్లకు నాలుగో పెద్ద మొత్తం ఎంత వచ్చిందో అంతే ముగ్గురి దగ్గరా తీసుకోవడం ఒక మంచి పద్ధతి. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లో ఇలాంటి పాటల లెక్క తేల్చారు. ఎవరికివారు తమ మనసులోని అసలు మొత్తం రాయడానికి వెనకాడరు, ఎక్కువ రాసి మోసపోయామన్న బాధా ఉండదు. గెలిచినవారు చోటును మరొకరికి అమ్మకూడదు, ఇవ్వకూడదు. వానలకో, అనుమతి రాకో పోటీ ఆగిపోతే డబ్బు ఏమవుతుందో కూడా కవరు తీసుకునే ముందే రాసి ఇవ్వండి.

ఇంకొకటి. ఆ యజమాని కంపెనీ పేరుతో రసీదు అడగవచ్చు, సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చులో చూపిస్తామనవచ్చు. మారథాన్ లాంటి ఒక్కరోజు కార్యక్రమాల ఖర్చు సీఎస్‌ఆర్ కిందికి రాదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2014లోనే సర్క్యులర్‌లో చెప్పింది. సొంత డబ్బే ఇమ్మనండి.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. చెన్నై వేళచ్చేరిలో సొంత వ్యాపారం. రెండుసార్లు సగం దూరం ఐరన్‌మ్యాన్ పూర్తి చేశాను. కోనాకు అర్హత సాధించే వేగం నాకు ఈ జన్మలో రాదు. దాతృత్వ వేలంలో చోటు కొనుక్కునే స్తోమత ఉంది. నా శిక్షకుడు అది సిగ్గుచేటు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: సిగ్గుపడవలసింది ఏమీ లేదు నాయనా. ఐరన్‌మ్యాన్ ఫౌండేషన్ కోనా చోట్లు కొన్ని ఇంటర్నెట్‌లో వేలం వేసినప్పుడు ఒక్కొక్కటి పదుల వేల డాలర్లు పలికింది. ఆ సొమ్ము సేవా కార్యక్రమాలకు వెళ్తుంది. ఆ చోట్లు ఎవరి అర్హతనూ లాక్కుని పెట్టినవి కావు, విడిగా ఉంచినవి. మీ డబ్బు, మీ కోరిక, ఎవరికో మేలు. ఇందులో తప్పెక్కడ?

కానీ వేలంలో మీకు దొరికేది ఒడ్డున నిలబడే హక్కు మాత్రమే. ఆ తర్వాత సముద్రంలో 3.86 కిలోమీటర్లు ఈదాలి, రెండు గంటల ఇరవై నిమిషాల్లోపు. 180 కిలోమీటర్లు సైకిలు తొక్కాలి. నల్లటి లావా రాళ్ల మధ్య రోడ్డు, నీడ అన్నది ఉండదు. హావీ అనే ఊరి వైపు వెళ్లేకొద్దీ గాలి పక్కనుంచి కొట్టి సైకిలును నెట్టేస్తుంది. ఆ పైన పూర్తి మారథాన్. మొత్తం 17 గంటలు. అక్కడ ఎండకూ ఉక్కకూ చెన్నైవాసిగా మీకు కొంత మేలే, ఏప్రిల్‌లో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద మధ్యాహ్నం సైకిలు తొక్కినవారికి కోనా మరీ కొత్తగా ఉండదు. ఈత సంగతి వేరు. కొలనులో ఎన్ని గంటలు ఈదినా అలల్లో తల ఎత్తి దారి చూసుకోవడం రాదు. బెసంట్ నగర్ దగ్గర ప్రవాహాలు మంచివి కావు, ఒంటరిగా దిగకండి. తెలిసినవారి జట్టుతో, పడవ తోడుగా ఉన్నప్పుడే దిగండి.

ఒక్క షరతు పెట్టుకోండి. పాట పాడేముందు ఎక్కడైనా ఒక పూర్తి దూరం పోటీ ముగించండి. సగం దూరం రెండుసార్లు చేస్తే పూర్తి దూరం చేసినట్టు కాదు. పదమూడో గంటలో కడుపు తిరిగి, కాలు ముందుకు పడనప్పుడు మీరు ఎలా ఉంటారో మీకే తెలియాలి. ఓపిక ఉంటే మరో దారి కూడా చూడండి. పన్నెండు పూర్తి దూరాలు ముగించినవారి కోసం 2012లో లెగసీ పేరుతో కోనాకు ఒక పద్ధతి పెట్టారు. ఇప్పటి నియమాలు ఏమిటో అధికారికంగా చదువుకోండి. 2023 నుంచి 2025 వరకు ఈ ప్రపంచ పోటీని ఫ్రాన్స్‌లోని నీస్‌కూ కోనాకూ మధ్య ఆడవారికి, మగవారికి విడివిడిగా పంచారు. 2026 నుంచి అందరికీ మళ్లీ కోనాలోనే అని ప్రకటించారు.

మీరు వెళ్లి పూర్తి చేసి వచ్చాక ఎవరైనా అడిగితే, వేలంలో చోటు తీసుకున్నానని మొదటి మాటగా చెప్పండి. మీ శిక్షకుడికి అదొక్కటే నా సమాధానం.

ప్రశ్న: ఒక పిల్లల సంస్థ తరఫున బెంగళూరు 10 కిలోమీటర్ల పరుగుకు బిబ్ తీసుకున్నాను. పదిహేను వేలు సేకరించి ఇవ్వాలి. బంధువుల్ని డబ్బు అడగాలంటే గొంతు పెగలడం లేదు. అంతా నేనే కట్టేస్తే పోదా?

— ఒక గృహిణి, రాజాజీనగర్

జవాబు: కట్టేయవచ్చమ్మా, నియమాలకు అడ్డేమీ ఉండదు. కానీ అడిగితే ఆ సంస్థ పేరు ముప్పై ఇళ్లకు తెలుస్తుంది. ఒక కాగితం తీసుకుని ముప్పై పేర్లు రాయండి. ఇంట్లో పనిచేసే అమ్మాయినీ, వాచ్‌మన్‌నీ ఆ జాబితాలో వేయకండి, కాదనలేక ఇస్తారు. తక్కినవారిని తలా అయిదు వందలు అడగండి. "మీకు తోచింది ఇవ్వండి" అనకండి, ఎంత ఇవ్వాలో తెలియక జనం వాయిదా వేస్తారు. వాట్సాప్‌లో అందరికీ ఒకే సందేశం పంపితే ఎవరూ పట్టించుకోరు. ఫోను చేసి, ఎందుకు పరుగెత్తుతున్నారో రెండు మాటలు చెప్పండి.

డబ్బు మీ ఖాతాలో వేయించుకోకండి, నేరుగా సంస్థకే వెళ్లాలి. 80జి పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుందని, రెండు వేలకు మించి నగదుగా ఇస్తే అదీ రాదని అడిగినవారికి చెప్పండి. పరుగు అయిన వారంలోగా ప్రతి ఒక్కరికీ మళ్లీ ఫోను చేసి, ఎంత సమయంలో పూర్తి చేశారో చెప్పండి.

జాబితాలో మొదటి పేరు నాది రాసుకోండి, అయిదు వందలు. రసీదు మాత్రం సంస్థ నుంచే రావాలి.